ఐరన్ కోసం చికెన్ గుండెకాయల సలాడ్ తినొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 32. ఈ మధ్య రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 ఉంది. డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే వికారంగా ఉంటోంది. మాత్రలు మానేసి, చికెన్ గుండెకాయలతో కడుపు నిండేలా సలాడ్ చేసుకుని రోజూ తింటే సరిపోతుందా? గుండెకాయల్లో కొవ్వెక్కువ, వద్దని మా అత్తయ్యగారు అంటున్నారు. మావారికి యూరిక్ యాసిడ్ ఉంది. నిరుడు కాలి బొటనవేలు వాచి నడవలేకపోయారు. మాకు మూడేళ్ల పాప. అందరం తినొచ్చా? ఎలా చేసుకోవాలి?

డాక్టర్ సలహా: మీరు తినండి. మాత్రలు మాత్రం దయచేసి మానకండి.

చికెన్ గుండెకాయలు మంచి ఆహారమే. వండిన 100 గ్రాముల్లో దాదాపు 9 మిల్లీగ్రాముల ఐరన్, 26 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. బి12, జింక్ కూడా బాగానే దొరుకుతాయి. అదే బ్రెస్ట్ ముక్కల్లో అయితే ఐరన్ 1 మిల్లీగ్రాము దగ్గరే ఆగిపోతుంది. పైగా మాంసంలోని ఐరన్‌ను మన పేగులు ఆకుకూరల్లోని ఐరన్ కంటే తేలిగ్గా పీల్చుకుంటాయి. మాంసంతో కలిపి తింటే శనగలు, పప్పుల్లో ఉన్న ఐరన్ కూడా ఇంకాస్త ఒంటికి పడుతుంది.

అయినా లెక్క ఒకసారి చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం మీ వయసు మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్క. గర్భిణి కాని మహిళకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. మీకు 9.4 ఉందంటే ఒంట్లో నిల్వలు ఎప్పుడో అడుగంటి ఉంటాయి. ఆ లోటు తిండితోనే పూడ్చాలంటే చాలా ఆలస్యం అవుతుంది. అందుకే మాత్రలు కావాలి.

వికారం సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి. రాత్రి భోజనం తర్వాత వేసుకోవడమో, రోజు విడిచి రోజు వేసుకోవడమో, వేరే రకం మాత్రకు మారడమో, దారులు చాలా ఉన్నాయి. మలం నల్లగా వస్తే భయపడకండి, ఈ మాత్రలతో అది మామూలే. టీ, కాఫీలకూ మాత్రకూ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. క్యాల్షియం మాత్ర వాడుతుంటే దాన్ని వేరే పూటకు మార్చుకోండి.

హిమోగ్లోబిన్ ఎందుకు తగ్గిందన్నది అంతకంటే ముఖ్యం. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా? మొలలున్నాయా? కడుపులో మంట, పుండు లాంటివేమైనా ఉన్నాయా? నులిపురుగులున్నాయా? చాలామంది ఆడవాళ్లు నెలసరి ఎక్కువవుతున్నా ‘నాకెప్పుడూ ఇంతేలే’ అని ఎవరికీ చెప్పరు. మీరు అలా ఊరుకోకండి. ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష, బి12 పరీక్ష ఇంకా చేయించకపోతే మీ డాక్టర్‌ను అడగండి.

ఇక మీ అత్తయ్యగారి మాటలో కొంత నిజముంది. వండిన 100 గ్రాముల గుండెకాయల్లో 240 మిల్లీగ్రాముల దాకా కొలెస్ట్రాల్ ఉంటుంది, అంటే ఒక గుడ్డులో కంటే ఎక్కువే. కొవ్వు మాత్రం ఎక్కువగా పైభాగంలో తెల్లగా అంటుకుని ఉంటుంది, కత్తితో తీసేయొచ్చు. కాబట్టి రోజూ వద్దు, వారానికి రెండుసార్లు చాలు. అత్తయ్యగారికి గుండెజబ్బో, కొలెస్ట్రాలో ఉంటే ఆవిడ తినకపోవడమే మంచిది. గుండెకాయ తింటే మన గుండె గట్టిపడుతుందని కొందరు పెద్దవాళ్లు చెబుతుంటారు, దానికి ఆధారం లేదు.

మీవారికి పెట్టకండి. గుండెకాయ, లివర్ లాంటి వాటిలో ప్యూరిన్లు ఎక్కువ. అవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. ఒకసారి బొటనవేలు వాచిన మనిషికి మళ్లీ ఆ నొప్పి రావడానికి ఇలాంటి తిండి కారణం కావచ్చు. అవే కూరగాయలు, శనగల్లో ఆయనకు ఉడికించిన గుడ్డో, పనీరో కలిపి ఇవ్వండి.

పాపకు పెట్టొచ్చు, కానీ గుండెకాయను అలాగే చేతికి ఇవ్వొద్దు. అది ద్రాక్షపండంత ఉంటుంది, రబ్బరులా సాగుతుంది, గొంతులో అడ్డం పడితే ప్రమాదం. మెత్తగా ఉడికించి, సన్నగా తరిగి, మీరు పక్కన కూర్చుని తినిపించండి.

ఇప్పుడు తయారీ. ఇద్దరికి పావుకిలో గుండెకాయలు తీసుకోండి. షాపుల్లో తరచూ లివర్, కందనకాయలతో కలిపే ఇస్తారు కాబట్టి గుండెకాయలు విడిగా కావాలని అడగండి. పైకొవ్వు, గొట్టాల్లాంటి రక్తనాళాలు కోసేసి, నిలువుగా చీల్చి, లోపల గడ్డకట్టిన రక్తం తీసేయండి. కుళాయి కింద పెట్టి కడిగితే నీళ్లు చింది క్రిములు చుట్టుపక్కల పడతాయి. గిన్నెలో నీళ్లు పోసి అందులో నెమ్మదిగా కడగండి. పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి వేసి సన్నని సెగ మీద 20 నిమిషాలు ఉడికించండి. తర్వాత చెంచా నూనెలో మిరియాల పొడితో కాసేపు వేయించండి. కోసి చూస్తే లోపల ఎరుపు, రక్తం కనిపించకూడదు. వంట థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు చూపించాలి.

ఉడికించిన శనగలు ఒక కప్పు, కీర, టమాటా, ఉల్లి, క్యాప్సికం ముక్కలు, కొత్తిమీర కలపండి. శనగలుంటే సలాడే భోజనమైపోతుంది. నిమ్మరసం పొయ్యి దించాక, చివర్లో పిండండి. వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది, శనగల్లోని ఐరన్ ఒంటికి బాగా పట్టడానికి అది సాయపడుతుంది. జామపండు ముక్కలు వేసినా చాలా మంచిది. మయొనైజ్ మాత్రం వద్దు. పచ్చిగుడ్డుతో చేసిన మయొనైజ్‌ను 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది కూడా. చెంచా నువ్వుల నూనె, నిమ్మరసం, జీలకర్ర పొడి కలిపితే రుచి సరిపోతుంది.

సలాడ్‌లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కత్తి, చెక్క. పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ క్రిములుండొచ్చు. మాంసం ఉడికితే అవి చస్తాయి. అదే చెక్క మీద కీర కోస్తే మాత్రం కీర ఉడకదు కదా, క్రిములు నేరుగా కడుపులోకి పోతాయి. మూడేళ్ల పాప ఉన్న ఇంట్లో వాంతులు, విరేచనాలు తేలిగ్గా తీసుకునేవి కావు. ముందు కూరగాయలు కోసి మూతపెట్టి పక్కన పెట్టండి, ఆ తర్వాతే మాంసం ముట్టుకోండి. పని అయ్యాక చేతులు, కత్తి, సింక్ సబ్బుతో కడగండి. పచ్చి గుండెకాయలు ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టి రెండు రోజుల్లోపు వండేయండి. కలిపిన సలాడ్‌ను గుంటూరు ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచొద్దు.

మాత్రలు సరిగా వేసుకుంటే నెలకు హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. అప్పుడు మళ్లీ పరీక్ష చేయించండి, పెరగకపోతే డాక్టర్‌ను కలిసి కారణం వెతకాలి. మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వల కోసం దాదాపు మూడు నెలలు మాత్రలు కొనసాగించాల్సి ఉంటుంది. ఈలోగా నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం రావడం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, మలంలో రక్తం లాంటివి కనిపిస్తే నెల దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.