ముందు జోల రాసి పంపు

చిరంజీవి అమ్మాయికి,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. తప్పిపోయిన రాకుమారి, యానిమేషన్, ఎనిమిది పాటలు. ఊహ బాగుంది. నా పేచీ ఒక్కచోటే. తానెవరో ఆ పిల్ల నలభయ్యో పేజీలో ముసలి మంత్రి నోటివెంట వినేస్తుంది. వినేశాక ఇక వెతుక్కునేదేముంది?

1997లో వచ్చిన 'అనస్తాసియా' సినిమా చూశానన్నావు, అదీ తప్పిపోయిన రష్యా రాకుమారి కథే. ఈసారి మ్యూజిక్ బాక్సు వెంటే పడి చూడు. మొదట అది నాయనమ్మ మనవరాలికిచ్చిన కానుక, అందులో ఒక జోల. ఏళ్ల తర్వాత పాడుబడిన రాజభవనంలో, తన అసలు పేరే ఎరగని అనాథ పిల్ల అదే పాట పాడుతుంది. ఎక్కడ విన్నదో ఆమెకు తెలీదు, మనకు తెలుసు. చివర పారిస్‌లో, ఆమె మెడలోని గొలుసే ఆ పెట్టెకు తాళంచెవి అవుతుంది. నాయనమ్మా మనవరాలూ కలిసి పాడతారు. అక్కడ సాక్ష్యం పలికింది పాటే. శకుంతల కథలో మరిచినవాడు రాజు, ఉంగరం చూసి గుర్తుతెచ్చుకున్నాడు. నీ కథలో మరిచింది అమ్మాయే, అదీ తనని తానే. ఇది ఇంకా కష్టం.

ఆ నాయనమ్మ విసుగు గమనించావా? కోటి రూబుళ్ల బహుమానం కోసం వచ్చిన దొంగ మనవరాళ్లను చూసి చూసి ఆవిడ తలుపులు మూసేసుకుంది. నీ మహారాణి చూడగానే నమ్మేస్తోంది. అంత తేలిగ్గా నమ్మితే ఆ కౌగిలింతకు బరువెక్కడిది?

ఇక శాపం. ఆ సినిమాలో నాకు మింగుడుపడనిది అదే. రష్యా విప్లవాన్ని రాస్పుటిన్ శాపానికి అంటగట్టారు. రాస్పుటిన్ అంటే నిజంగానే ఆ రాజకుటుంబానికి దగ్గరైన ఒక సాధువు. అతన్ని 1916 డిసెంబరులోనే చంపేశారు, విప్లవం వచ్చింది 1917లో. యుద్ధమూ ఆకలీ తెచ్చిన విప్లవమది. చరిత్రలోని అసలు అనస్తాసియాను, రష్యా చక్రవర్తి కూతురిని, 1918 జూలైలో రష్యాలోని యెకాటెరిన్‌బర్గ్‌లో అమ్మానాన్నలతో పాటే చంపారు. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు. పిల్లల సినిమా కదా అని సరిపెట్టుకోవడం నా వల్ల కాలేదు. నీ రాజ్యం కల్పితమే, చరిత్రకు నువ్వేమీ బాకీ లేవు. అయినా అక్కడ కూడా శాపమేనా? జనం కోట మీదికి ఎందుకొచ్చారో ఒక్క సీనులో చూపించు, పిల్లలకు అర్థమవుతుంది.

మిగతావి తర్వాత దిద్దుకుందాం. ముందు జోల రాసి పంపు. ట్యూను అక్కర్లేదు, నాలుగు లైన్లు చాలు. మొదటిసారి నిద్రపుచ్చిన మాటలే మూడోసారి ఏడిపించాలి.

మాట్లాడే ఉడుతను మాత్రం తీసెయ్యకు. దాన్ని చదువుతూ గట్టిగానే నవ్వాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు