మా ఊరిని బంగాళాఖాతంలో ముంచినవాడి సలహా

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. లెక్కల్లో 90 దాటుతున్నాయి, సోషల్‌లో మాత్రం 50 దగ్గరే ఆగిపోతున్నాడు. రోజూ రెండు గంటలు ఆ పుస్తకం ముందే కూర్చుంటాడు. అన్ని సబ్జెక్టులకూ సమానంగా సమయం ఇవ్వాలా? సోషల్ ఎలా చదివించాలి?

జవాబు: ముందు ఆ రెండు గంటలు కూర్చోవడం మాన్పించండి. పుస్తకం ముందున్నవాడు చదువుతున్నాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, వాడూ అనుకుంటాడు. నేనూ అలాగే అనుకుని, ఒకసారి మా ఊళ్లన్నిటినీ బంగాళాఖాతంలో ముంచేశాను.

మాది ప్రకాశం జిల్లాలో టంగుటూరు దగ్గర ఒక పల్లె. నేను పదో తరగతి పరీక్షలు రాసింది 1997లో. అప్పట్లో 11 పేపర్లు. హిందీ ఒక్కటే 100 మార్కులకు ఒకే పేపరు, మిగతావి 50 చొప్పున రెండేసి. హిందీలో 20 వస్తే పాసు. ఆ 20 కోసమే చదివాం కాబట్టి అంత హిందీయే వచ్చింది. రైలు బల్హార్షా దాటిందంటే నేను ఇప్పటికీ మూగవాణ్ణే.

ప్రీ ఫైనల్ పరీక్ష ఫిబ్రవరిలో పెట్టారు. సోషల్ పేపర్లో భారతదేశ పటం ఇచ్చి అయిదు గుర్తించమన్నారు: ఒంగోలు, కృష్ణపట్నం, శ్రీహరికోట, పులికాట్ సరస్సు, చెన్నై. మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్త అది. అయిదింటిలో నాలుగు మా వైపువే. పిల్లలకు మార్కులు రావాలని మాష్టారు కావాలనే ఇచ్చారట, ఆ సంగతి తర్వాత తెలిసింది. నాకైతే నవ్వొచ్చింది. ఒంగోలు వారానికోసారి వెళ్లే ఊరు. మా మేనత్తది ముత్తుకూరు, కృష్ణపట్నం పక్కనే. వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున డాబా ఎక్కి ఆకాశం వంక చూస్తూ నిలబడేవాళ్లం. ఇవి కూడా చదవాలా అనుకున్నాను. రెండు నిమిషాల్లో అయిదు చుక్కలూ పెట్టేసి, పేర్లు రాసి, పటాన్ని దారంతో జవాబు పత్రానికి కట్టేశాను.

పేపర్లు దిద్ది ఇచ్చే రోజున మాష్టారు నా పటం ఎత్తి తరగతికంతా చూపించారు. "ఏమిరా, ఒంగోలులో బస్సు దిగి పడవెక్కుతావా?" అన్నారు. చూస్తే ఒంగోలు తీరానికి వేలెడు దూరంలో, నీళ్లలో ఉంది. కృష్ణపట్నం దాని పక్కన తేలుతోంది. శ్రీహరికోటను తీసుకెళ్లి ఒంగోలుకు పైన పెట్టాను. పులికాట్‌ను కొల్లేరు ఉండాల్సిన చోట పారించాను. అయిదుకు ఒకటి వచ్చింది. ఆ ఒకటీ చెన్నైకి. అప్పటికి నేను చూడని ఊరు అదొక్కటే. చూడలేదు కాబట్టే భయపడి, ముందు రోజు పటంలో వెతికి పెట్టుకున్నాను.

మాష్టారు కొట్టలేదు. బోర్డు మీద సుద్దతో మన తీరాన్ని ఒక్క గీతలో గీశారు. కృష్ణ సముద్రంలో కలిసే చోట నేల ముందుకు పొడుచుకొస్తుంది, అది మొదట పట్టుకోమన్నారు. దాని కింద తీరం లోపలికి నొక్కుకుపోతుంది. ఆ నొక్కు దాటి గీత కిందికి దిగడం మొదలయ్యాక ఒంగోలు. అక్కడి నుంచి చెన్నై దాకా తీరం దాదాపు నిట్టనిలువు. ఆ నిలువులో సగం రాకముందే పెన్న ముఖద్వారం, దానికి కాస్త దిగువన కృష్ణపట్నం, తమిళనాడు సరిహద్దు దగ్గర శ్రీహరికోట, దాన్ని ఆనుకుని పులికాట్. 80 డిగ్రీల తూర్పు రేఖాంశం నెల్లూరును, ఒంగోలును ఒరుసుకుంటూ పోతుంది. ఆ రేఖ మీద వేలు పెడితే మన రెండు జిల్లాల కేంద్రాలూ దొరికినట్టే. ఇది ఏ గైడులోనూ ఉండదు. గైడులో చుక్కల గుర్తు పెట్టిన ప్రశ్నలుంటాయి, అంతే.

"ముప్ఫైసార్లు గీసుకుని రా" అన్నారు. అది పొగాకు కాలం. మా నాన్న రాత్రంతా పొగాకును వేడితో ఎండబెట్టే బ్యారన్ దగ్గరే ఉండేవాడు, మంట చూడడానికి తోడుగా నేనూ వెళ్లేవాణ్ణి. నోటుపుస్తకాల్లో కాగితాలు వృథా చేస్తే అమ్మ ఊరుకోదు. అందుకని చెల్లెలి పలక పట్టుకెళ్లాను, మార్కాపురం రాతి పలక. పొయ్యి మూతి ముందు కూర్చుని తీరం గీయడం, చెరపడం, మళ్లీ గీయడం. మూడో రాత్రికి చెయ్యి దానంతటదే కృష్ణ దగ్గర బయటికి వచ్చి, లోపలికి నొక్కుకుని, కిందికి దిగడం మొదలుపెట్టింది. అర్ధరాత్రి నాన్న వంగి చూసి, "పాము గీస్తున్నావా?" అన్నాడు. పబ్లిక్ పరీక్షలో పటం చేతికి రాగానే ముందు ఆ పామును వెతుక్కున్నాను.

ఆ బ్యారన్ దగ్గరే ఇంకొకటి కూడా వచ్చింది. అక్కడి థర్మామీటరు ఫారన్‌హీట్‌లో ఉండేది, మా భౌతికశాస్త్రం పుస్తకం సెల్సియస్‌లో. ఆకు పసుపు తిరిగేదాకా 95 దగ్గర ఉంచి, మెల్లగా పెంచుకుంటూ పోయి, చివర ఈనె ఎండడానికి 160 దాకా తీసుకెళ్లేవాళ్లు. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోయి ధర పలకదు. 95లోంచి 32 తీసేసి, అయిదుతో హెచ్చించి, తొమ్మిదితో భాగిస్తే 35. పాసు మార్కు! ఆ సూత్రం అప్పటి నుంచి మరిచిపోలేదు.

మీ ప్రశ్నకు వస్తాను. సమానంగా సమయం ఇవ్వకండి. లెక్కల్లో 90 వస్తున్నాయంటే వాడు చేత్తో చేస్తున్నాడని అర్థం. లెక్కను ఎవరూ చూసి చదవరు. సోషల్‌ను మాత్రం అందరూ చూసే చదువుతారు, పైగా నిద్ర కళ్లతో, రాత్రి భోజనమయ్యాక. తెలుగు పద్యం చెవితో పట్టాలి. "భరనభభరవ" అని పైకి అనకుండా ఉత్పలమాల ఎవరికైనా వచ్చిందా? పదో అక్షరం దగ్గర యతి ఉందో లేదో గణాలు లెక్కపెట్టకముందే చెవికి తెలియాలి. అయినా ఇప్పుడు తెలుగు ఎవరికి కావాలి! నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన మహాభారతంలో 15 పర్వాలు తెలుగు చేశాడు. అదే నెల్లూరులో పిల్లలు ఇంటర్‌కు రాగానే మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకుంటున్నారు. మా అన్న కొడుకూ అంతే. 98 వచ్చాయి. ఒక వాక్యం చెప్పరా అంటే ఫోను తీశాడు.

ఫలితాల రోజున కూడలికొకటి లేచే ఫ్లెక్సీల గురించి రాయాలనుంది కానీ జవాబు ఇప్పటికే పొడుగైంది. ఒక్క మాట. ఆ ఫ్లెక్సీలో పిల్లవాడి బొమ్మ కన్నా సంస్థ యజమాని బొమ్మ పెద్దదిగా ఉన్న చోట మీ అబ్బాయిని చేర్చకండి. నా దగ్గర రుజువేమీ లేదు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, అంతే.

సోషల్‌కు రోజుకు నలభై నిమిషాలు చాలు, పుస్తకం మూసి. పొట్టి శ్రీరాములు దీక్ష మొదలైన 1952 అక్టోబరు 19, ఆయన పోయిన డిసెంబరు 15, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953 అక్టోబరు 1 ఒక గీత మీద వాడే రాసి, మధ్యలో ఎన్ని రోజులో వాడే లెక్కపెట్టాలి. లెక్కలంటే ఇష్టం కదా, ఆ పని సంతోషంగా చేస్తాడు.

ఈ ఆదివారం దుకాణంలో ఒక ఖాళీ పటం కొని, పేర్లేమీ చూపించకుండా మీ ఊరు ఎక్కడో చుక్క పెట్టమనండి. నీళ్లలో పెడితే తిట్టకండి. ఎంత దూరంలో పెట్టాడో స్కేలుతో కొలిచి ఇక్కడ రాయండి, నాకన్నా లోతుగా ముంచాడేమో చూద్దాం.