బతుకమ్మ కూడా పేర్చబుద్ధి కాలేదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాకు 34 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా ఆయన రైస్‌మిల్లులో లెక్కలు చూస్తారు. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు నాలుగు. అత్తమ్మ మా దగ్గరే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేదు. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి పదకొండు దాకా నడుం వాల్చేది లేదు. నెల దాటింది, దేని మీదా మనసు పోవడం లేదు. పడుకున్నా నిద్ర రావడం లేదు. చిన్నదానికి కూడా పిల్లల మీద అరుస్తున్నాను. మొన్న బాబు ‘అమ్మా, నా మీద కోపంగున్నవా?’ అని అడిగితే బాత్రూంలోకి పోయి నల్లా తిప్పుకొని ఏడ్చాను. ఈసారి తంగేడు, గునుగు తెచ్చి ముందర పెట్టినా బతుకమ్మ పేర్చబుద్ధి కాలేదు. అత్తమ్మ దిష్టి అంటోంది. ఆయన ‘అందరు ఆడోళ్లు చేసేదే కదా’ అంటున్నారు. ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది. నేను మంచి తల్లిని కాదేమో.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ బతుకమ్మ మాట దగ్గర ఆగిపోయాను. ఒళ్లు అలిసిన మనిషి కూడా పూలు ముందరుంటే కూర్చుని నాలుగు వరుసలు పేరుస్తుంది. ఇష్టమైన పనే చేయబుద్ధి కాకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే డాక్టర్లు దాన్ని డిప్రెషన్ కావచ్చని చూస్తారు. మీకు నెల దాటింది. అది జబ్బే అయితే మందుంది. మంచి తల్లా కాదా అనే లెక్క ఇందులోకి రాదు.

ముందు ఒక మాట సూటిగా అడుగుతాను. ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోందన్నారు. చచ్చిపోవాలని కూడా అనిపిస్తోందా? ఒక్కసారి అనిపించినా దాచుకోకండి. మనసు బాగలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రి చేసినా తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పొలం మందులు, నిద్ర మాత్రల లాంటివి ఉంటే మీ ఆయనతో చెప్పి ఈ రోజే తీయించేయండి. ఆ క్షణంలో ఒంటరిగా ఉండకండి, ప్రమాదం అనిపిస్తే 108కి చేయండి.

ఇక ఆస్పత్రి సంగతి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా నీరసం, చిరాకు, దిగులు ఇలాగే వస్తాయి. అందుకని మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రిలో డాక్టర్‌ని కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. విటమిన్ బి12 కూడా చూడాలేమో అడగండి. అవి బాగున్నా, బాగా లేకపోయినా మానసిక వైద్యుల్ని కలవడం మాత్రం మానొద్దు. నల్గొండ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లొచ్చు. పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయిందంటారన్న భయం ఉంటుంది, నాకు తెలుసు. షుగర్‌కు చూపించుకున్నట్టే ఇదీ. అత్తమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దాని మీద గొడవొద్దు. తెల్లారి ఆస్పత్రికి మాత్రం బయలుదేరండి.

మందుతోనే అంతా అయిపోదు. పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు వరకు సాగే ఆ రోజు అలాగే ఉంటే మనసు మళ్లీ కుంగుతుంది. ‘అందరు ఆడోళ్లు చేసేదే’ అన్న మీ ఆయన మాటలో ఒక నిజముంది. 2019లో దేశమంతటా చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అదీ ఇంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల లెక్క. అందరూ మోస్తున్నంత మాత్రాన బరువు తగ్గదు కదా.

ఆయనతో మాట్లాడేటప్పుడు ‘కొంచెం సాయం చేయండి’ అనకండి. అలా అంటే ఏ రోజు ఏం చేయాలో చెప్పే పని మళ్లీ మీదే అవుతుంది. మిమ్మల్ని ఎక్కువ తినేస్తున్నది ఆ గుర్తుపెట్టుకోవడమే అనిపిస్తోంది: టిఫిన్‌కు పిండి ఉందా, బాబు హోంవర్క్ అయిందా, పాప సాక్సులు ఆరాయా, గ్యాస్ బుక్ చేశామా. ఒక పని మొదలు నుంచి చివరి దాకా ఆయనకు అప్పజెప్పండి. పిల్లల్ని లేపి, స్నానం చేయించి, బడికి తయారు చేయడం మొత్తం ఆయనదే. చొక్కా గుండీ తప్పు పెట్టినా మీరు మధ్యలో పోవద్దు. కోతల సీజన్‌లో మిల్లు నుంచి రాత్రి ఆలస్యంగా వస్తారు, నిజమే. అందుకే పొద్దుటి పని అంటున్నాను. అత్తమ్మ నిలబడలేకపోయినా కూర్చుని కూరగాయలు కోయగలదు, పాపకు అన్నం తినిపించగలదు. ‘అత్తమ్మా, నాతో అయితలేదు’ అని చెప్పండి. చాలామంది కోడళ్లు ఈ ఒక్క మాట చెప్పలేక ఏళ్లకేళ్లు లోలోపల నలుగుతారు. పరీక్ష పేపర్లు ఇంటికి తెచ్చుకునే అలవాటుంటే కొన్నాళ్లు ఆపండి. స్కూల్లో ఎంతవరకైతే అంతే దిద్దండి.

బాబుకు మీరింకా జవాబు చెప్పినట్టు లేరు. ఈ రోజే చెప్పండి: ‘నీ మీద కోపం లేదు నాన్నా, అమ్మకు పానం బాగలేదు, డాక్టర్‌కు చూపించుకుంటున్న.’ ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇది అర్థమవుతుంది. చెప్పకపోతే తప్పు తనదే అనుకుంటాడు.

డాక్టర్ దగ్గరికి మీ ఆయన్ని వెంట రమ్మనండి, ఒక్క పూట మిల్లుకు సెలవు పెట్టమనండి. మీరు ఇంట్లో చెప్పలేనిది డాక్టర్ నోటి వెంట ఆయన వినడం మంచిది. మందు రాస్తే గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. మొదటి వారంలో కడుపులో వికారం, తలనొప్పి ఉండొచ్చు, సాధారణంగా అవే తగ్గుతాయి. దిగులు పెరిగినట్టనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు చెప్పండి. డిప్రెషన్ మందులకు బానిసవుతామన్న భయం అక్కర్లేదు. కాస్త హుషారు రాగానే మీ అంతట మీరు మానేయకండి, డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడండి.