గెరాండ్ ఉప్పు మీద ప్రాజెక్టు రాస్తున్న అమ్మలుకి

చి. అమ్మలుకి, ఫ్రాన్స్‌లోని నాంత్ నుంచి పెద్దమ్మ దీవెనలు.

కాలేజీ ప్రాజెక్టుకి ఇక్కడి సముద్రతీరంలో గెరాండ్ అనే ఊరి ఉప్పు రైతుల సహకార సంఘాన్ని ఎంచుకున్నానని చెప్పావు చూడూ, ఆ పూటంతా నాకు ఆనందం ఆగలేదు. ఇక్కడ టోకు సరుకుల కొట్టులో లెక్కలు రాసినన్నాళ్లూ ఆ ఉప్పు బస్తాలు వచ్చిపోతుంటే చూసినదాన్ని. నువ్వు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. రాత బాగుంది. మొదలుపెట్టిన చోటే బాగాలేదు తల్లీ.

నీ పేజీల నిండా ఫ్లర్ ద సెల్, అంటే ఉప్పు పువ్వే ఉంది. దాని ధర, దాని డబ్బా, హోటళ్లవాళ్ల పొగడ్త. పంట మొత్తంలో పువ్వు వాటా చాలా కొద్ది. మిగిలిందంతా మడి అడుగు బంకమన్ను వల్ల బూడిదరంగు తేలిన ముతక ఉప్పు. గెరాండ్ రైతును నిలబెట్టింది కొఠారులో పోసిన ఆ ఉప్పు గుట్ట. నువ్వు అక్కడ మొదలుపెట్టు.

అన్నిటికన్నా ముందు వచ్చి చూడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకానే పంట. నాంత్‌లో ల క్రొజిక్ రైలెక్కి బా సుర్ మేర్‌లో దిగు, గెరాండ్‌కి రైలు లేదు. ఎండ వాలే వేళకి వెళ్తే, నీటి మీద తెట్టులా తేలిన ఉప్పు పువ్వును లూస్ అనే పనిముట్టుతో మీగడ తీసినట్టు తీయడం కనబడుతుంది. అడుగున పేరుకున్న ముతక ఉప్పును లాస్ అనే పొడుగు కర్ర పలకతో గట్టుకి లాగుతారు. అక్కడి ఉప్పు రైతును పాలుద్యే అంటారు. ఒక్కొక్కరి కింద పంట మడులు 60 దాకా ఉంటాయి. చినగంజాం వైపు బోర్లు వేసి ఉప్పునీరు తోడటం నువ్వు చూశావుగా. ఇక్కడ పంపు అక్కర్లేదు. పెద్ద పోటు వచ్చినప్పుడు కాలువ తూము ఎత్తి చెరువు నింపుకుంటారు. అక్కణ్ణుంచి నీరు మడి తర్వాత మడికి పల్లానికి పారుతూ ఎండకి చిక్కబడుతుంది. గట్లు తడి బంకమన్నువి. రైతు రమ్మంటేనే కాలు పెట్టు.

రైతును ఏడాదికెంత పండుతుందని అడగవద్దు. వానలు పడ్డ ఏడు ఏం చేశారని అడుగు. వేసవిలో వరసగా వానలు కురిస్తే పంట పోయినట్టే. ఎవరికి వాళ్లే అమ్ముకునే రోజుల్లో అలాంటి ఏడు బేరగాడి కాళ్ల దగ్గరే గడిచేది. బాగా పండిన ఏడు ధర పడిపోయేది. ఈ ముడిని ఎలా విప్పారన్నదే నీ ప్రాజెక్టు. ఉప్పు కుళ్లదు, పురుగు పట్టదు. అందుకే పండిన ఏటి సరుకును అందరిదీ కలిపి నిల్వచేసి, పండని ఏడు అమ్మగలరు. 1972లో రైతులు గుంపు కట్టారు, 1988కి అది సహకార సంఘంగా స్థిరపడింది.

గుంపు ఎందుకు కట్టాల్సొచ్చిందో కాస్త విస్తరించి రాయి. పక్కనే లా బోల్ అనే సముద్రతీర విడిది ఊరుంది. 1970 ప్రాంతంలో ఈ మడుల మీదుగా పెద్ద రోడ్డు వేయాలని, పడవల రేవు కట్టాలని ప్రయత్నాలు జరిగాయి. అప్పటికి పనిలో మిగిలినవాళ్లు ఎక్కువగా వయసు మళ్లినవాళ్లే. 1968 నాటి విద్యార్థుల ఉద్యమం తర్వాత పట్నాలు వదిలి వచ్చిన కుర్రకారు వాళ్ల పక్కన నిలబడింది. మడులు మిగిలాయి. ఈ పని నేర్పడానికి 1979లో శిక్షణ పెట్టారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పనిని బయటి పిల్లలకి, ఆడపిల్లలకి కూడా తెరిచారు.

పాత చరిత్ర ఒక్క పేజీ చాలు. 9వ శతాబ్దం నాటికే ఇక్కడ మడులున్నాయి. రాజుగారి ఉప్పు పన్ను గాబెల్ ఈ సీమకి, అంటే బ్రిటనీకి, లేదు కాబట్టి ఇక్కడ ఉప్పు చవక, పక్క సీమలకి దొంగరవాణా జోరు. 1790లో ఆ పన్ను ఎత్తేశాక ఇక్కడి మేలు పోయింది. రైళ్లొచ్చాక ఫ్రాన్స్ దక్షిణాది ఉప్పు, గనుల ఉప్పు ముంచెత్తాయి.

గుట్ట విలువ నీకు కళ్లకు కట్టాలంటే ఎరికా సంగతి చదువు. 1999 డిసెంబరు 12న ఆ నూనె ఓడ బ్రిటనీ దగ్గర విరిగి మునిగింది. పండగ రోజుల్లో నల్ల జిడ్డు తీరానికి కొట్టుకొస్తుంటే రైతులు కాలువలకి అడ్డకట్టలు వేశారు. 2000లో సంఘం పంట తీయడం మానుకుంది. నిల్వ ఉండబట్టే ఆ మాట అనగలిగారు. ఆ ఏడు కూడా మా కొట్టుకి బస్తాలు వచ్చాయి.

1991 నాటి లాబెల్ రూజ్ నాణ్యత గుర్తు, 2012లో ఐరోపా ఇచ్చిన భౌగోళిక గుర్తింపు గురించి ఎలాగూ రాస్తావు. ఈ ఉప్పు ఆరోగ్యానికి మంచిదన్న వాక్యం మాత్రం కొట్టెయ్. ఇదీ సోడియం క్లోరైడే, పైగా అయోడిన్ కలపరు. మన ఇళ్లలో వంటకి అయోడిన్ ఉప్పే ఉండనీ.

బా సుర్ మేర్‌లో ఉప్పు మడుల మ్యూజియం ఉంది. 1887లో అదెల్ పిషోన్ అనే ఆవిడ పెట్టింది. గంపలాంటి చెక్క గిన్నెల్లో ఉప్పు నెత్తిన పెట్టుకుని, ఉత్త కాళ్లతో గట్ల మీద మోసుకెళ్లిన ఆడవాళ్ల సంగతులు అక్కడ చూడు. పువ్వు ఏరడం కూడా అప్పట్లో ఆడవాళ్ల పనే. నీ పేజీల్లో వాళ్లు ఒక్కచోట కూడా లేరు.

జులైలో ఏ వారం వస్తావో రాయి. నా నోటుపుస్తకాల్లో పాత బస్తా ధరలు ఏడాది వారీగా ఉన్నాయి. నువ్వొచ్చేలోగా ఒకచోట ఎక్కించి పెడతాను.

మీ పెద్దమ్మ