వెనక సస్పెన్షన్ విప్పాక పేరు తెలియని భాగాలు మిగిలితే

పాత మోటారు సైకిల్ వెనక సస్పెన్షన్ విప్పాననీ, బయటపడిన వాటిలో కొన్ని ఏమిటో తెలియడం లేదనీ, ఫొటోలు చూసి ఎవరైనా గుర్తుపట్టగలరా అనీ మీరు అడిగారు. పేరు చెప్పడం పెద్ద కష్టం కాదు గాని, పేరు తెలిసినంత మాత్రాన ఆ భాగం ఎక్కడ, ఏ ముఖం ఎటు తిప్పి కూర్చుంటుందో తెలియదు. వాటిని ఇంకా కిరసనాయిలులో కడిగి ఉండకపోతే, దయచేసి ఇప్పుడే కడగకండి. వాటి మీది జిడ్డూ తుప్పూ చూస్తేనే సగం సంగతి బోధపడుతుంది.

ఇది నాకు మా మేనమామగారి రాజ్‌దూత్ 350 దగ్గర తెలిసివచ్చింది. యమహా ఆర్‌డీ 350 నమూనాను అనుసరించి ఎస్కార్ట్స్ వారు 1983లో మన దేశంలో తెచ్చిన 347 సీసీ, రెండు సిలిండర్ల బండి అది. మామయ్య దాన్ని పదేళ్లపాటు పశువుల కొట్టంలో ఉంచేశారు. స్వింగార్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని ఫ్రేము దగ్గర కీలులా పైకీ కిందికీ ఆడే చేయి, దింపినప్పుడు అందులోంచి ఒక పొడవాటి ఉక్కు గొట్టం, దాని చుట్టూ కూర్చునే గోధుమరంగు ప్లాస్టిక్ బుష్‌లు (పొట్టి గొట్టాల్లాంటి ముక్కలు), రెండు మూతలు, చిరిగిన ఓరింగులు (రబ్బరు వలయాలు), వాటితోపాటు కాగితంలా పలచటి వాషర్ ఒకటి వచ్చాయి. సాయానికి పిలిచిన మెకానిక్ అన్నిటినీ ఒకే పళ్లెంలో వేసి కడిగేశాడు. తిరిగి బిగించేటప్పుడు ఆ పలచటి వాషర్ మిగిలింది. ఎవరో అదనంగా వేసి ఉంటారని అతను దాన్ని పక్కన పడేస్తే, నేనూ సరేనన్నాను.

బుష్‌ల కోసం తిరగడం ఇంకో ప్రయాస. విజయవాడ ఆటోనగర్‌లో రాజ్‌దూత్ బుష్‌లు కావాలని అడిగితే, 350 అని చెప్పినా వినిపించుకోకుండా 175 బండివి చేతిలో పెట్టారు. ఆ రెండు బండ్లకూ పేరులో తప్ప పోలికే లేదు. స్వింగార్మ్‌ను కూడా ఒకరు వెనక ఫోర్క్ అంటారు, హైదరాబాదులో చిమ్టా అనేవారున్నారు, కొందరు అన్నిటినీ కలిపి షాక్ సెట్టు అనేస్తారు. ఇలాంటి చోట పేరు పట్టుకుని దుకాణానికి వెళ్లడం కంటే, పాత ముక్కనూ దాని కొలతలనూ పట్టుకుని వెళ్లడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. చివరికి లేత్ దగ్గర గన్‌మెటల్ (ఒకరకం కంచు) బుష్‌లు కోయించాను.

బండి రోడ్డెక్కింది గాని, యాక్సిలరేటర్ ఇచ్చి వదిలిన ప్రతిసారీ వెనక నుంచి టక్కుమని చప్పుడు వచ్చేది. చైనూ స్పోకులూ మార్చి చూసినా అది పోలేదు. నెల తర్వాత చక్రం తీసి, స్వింగార్మ్ చివర పట్టుకుని అడ్డంగా నెడితే, కొంచెమే అయినా స్పష్టంగా జరిగింది. మళ్లీ అంతా విప్పి, ఒక్కొక్క భాగాన్నీ టార్చిలైటు కింద తిప్పి చూశాను. ఎడమవైపు మూత లోపలి ముఖం మీద పొగరంగు మచ్చల నడుమ సన్నని వలయం ఒకటి అద్దంలా మెరుస్తోంది. అదృష్టవశాత్తు డబ్బాలో దాచి ఉంచిన ఆ వాషర్‌ను తీసి దాని మీద పెడితే అంచుకు అంచు సరిపోయింది. వాషర్‌కు కూడా ఒక ముఖమే మెరుస్తోంది, రెండో ముఖం మసకగా ఉంది. అది ఏ వైపుదో, ఏ ముఖం లోపలికి ఉండాలో ఆ మెరుపే చూపించింది.

దాని పని కూడా అప్పుడే అర్థమైంది. స్వింగార్మ్‌ను ఫ్రేముకు కలిపే ఇరుసు బోల్టును బిగిస్తే ఫ్రేము పట్టుకునేది లోపలి ఉక్కు గొట్టాన్ని మాత్రమే. స్వింగార్మ్ ఆ గొట్టం చుట్టూ స్వేచ్ఛగా తిరగాలి. అందుకే గొట్టం ఆర్మ్ వెడల్పు కంటే కొద్దిగా పొడవుగా ఉంటుంది, ఆ తేడాను పూడ్చేవే ఈ షిమ్ వాషర్లు. అవి లేకపోతే ఆర్మ్ పక్కలకు జరుగుతుంది, ఎక్కువైతే బిగుసుకుపోతుంది. వాషర్‌ను దాని చోట పెట్టి బిగించాక, ఆర్మ్‌ను పైకెత్తి వదిలితే తన బరువుతో నిదానంగా కిందికి దిగింది, అడ్డంగా నెడితే కదలలేదు. చప్పుడు ఆ రోజుతో పోయింది.

అయితే అన్ని బండ్లూ ఇలా ఉండవు. మీ దాంట్లో గొట్టానికి రబ్బరు అతుక్కుని ఉంటే అది సైలెంట్ బ్లాక్ రకం; అక్కడ తిరిగేది ఏదీ ఉండదు, రబ్బరే మెలితిరుగుతుంది. దానికి గ్రీజు పూయకండి. బండి చక్రాల మీద నిలబడి, మనిషి బరువు పడినప్పుడే ఆ బోల్టును పూర్తిగా బిగించండి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలికతోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

షాక్ అబ్జార్బర్ కన్నంలోని సన్నని ఉక్కు స్లీవ్ (తొడుగు గొట్టం) మరో చిక్కు. షాక్ లాగినప్పుడు తుప్పు పట్టిన స్లీవ్ ఫ్రేము పిన్ను మీదే ఉండిపోతుంది. అది పిన్నులో భాగమేననుకుని, కొత్త షాక్ ఎక్కడం లేదని దాని రబ్బరును చెక్కినవారిని నేను చూశాను. పిన్ను మొదట్లో గుండ్రని అంచు గీత కనిపిస్తే అది స్లీవే. ఒక రాత్రి నూనె పోసి నాననిచ్చి, హ్యాక్సా బ్లేడుతో పిన్నుకు తగలకుండా నిలువుగా కోస్తే విడిపోతుంది.

ఇక మీ రెండో ఫొటోలో కుడి మూలన, రెండు కొసలకూ కన్నాలున్న పొడవాటి బద్ద క్యారియర్‌ది కాదు. వెనక బ్రేక్ ప్లేటును స్వింగార్మ్‌కు కట్టి ఉంచే టార్క్ రాడ్ అది. అది లేకుండా బ్రేకు తొక్కితే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, బ్రేకు రాడ్డును లాగేసి, చక్రం పట్టేసే ప్రమాదం ఉంది. రెండు కొసల బోల్టులకూ నట్లు ఊడిపోకుండా ఆపే కొత్త స్ప్లిట్ పిన్నులు వేశాకే బండిని రోడ్డు మీదికి తీయండి.