బోల్ట్ పడ్డా టార్మోగోయిఫ్ బతుకుతుంది
బ్రో, మీ షాపు మ్యాజిక్ (మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డ్ గేమ్) టోర్నమెంట్లో లైట్నింగ్ బోల్ట్ (3 డ్యామేజ్ కొట్టే ఇన్‌స్టంట్ కార్డు) పడితే టార్మోగోయిఫ్ అనే క్రియేచర్ కార్డు చస్తుందా లేదా అని గొడవైంది కదా, ఆ కేసులో గోయిఫ్ చావదు. గ్రేవ్‌యార్డుల్లో (వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పలు) ఎన్ని కార్డు టైపులుంటే గోయిఫ్ బలం అంత, ప్రాణం దానికి ఒకటి ఎక్కువ. అక్కడ లాండ్, క్రియేచర్ రెండే ఉన్నాయన్నారుగా, అంటే అది 2/3 (బలం 2, ప్రాణం 3), బోల్ట్ 3 కొడితే పోవాలనే అనిపిస్తుంది ఎవరికైనా, కానీ బోల్ట్ రిజాల్వ్ అవడంలో (తన పని చేసి ముగించడంలో) చివరి పని తను గ్రేవ్‌యార్డులోకి వెళ్ళడం, స్టేట్ బేస్డ్ యాక్షన్లు (ఏ క్రియేచర్ చచ్చిందో గేమ్ తనంతట తానే చేసే చెక్) చూసేది ఆ తర్వాతే, ఈలోపు ఇన్‌స్టంట్ కూడా లెక్కలో చేరి గోయిఫ్ 3/4 అయి కూర్చుంటుంది. ఆ రెండు టైపుల్లో ఒకటి ముందే ఇన్‌స్టంట్ అయ్యుంటే మాత్రం పోయేదే. ఎవరి గ్రేవ్‌యార్డనేది అనవసరం, అన్నీ కలిపే చూడాలి, సగం మంది ఇక్కడే బోల్తా పడతారు.

ఇంకోటి, జడ్జి రూలింగ్‌కి (తీర్పుకి) నిమిషం దాటితే ఆ టేబుల్‌కి అంత టైం ఎక్స్‌ట్రా ఇచ్చేయండి, 50 నిమిషాల రౌండ్‌లో మళ్ళీ దానికో పంచాయితీ ఎందుకు.