యుద్ధకాలపు గూఢచారి నవలలు సగంలోనే ఆగిపోతున్నాయి, ఎలా చదవాలి?

నాయిక బలంగా ఉండే రెండో ప్రపంచ యుద్ధం థ్రిల్లర్లంటే ఇష్టమే, కానీ తేదీలూ సంస్థల పేర్లూ మీద పడి వంద పేజీలు దాటడం లేదన్నారు. చెన్నైలో ఏమైనా ఆసరా దొరుకుతుందా అనీ అడిగారు.

చివర్లో రచయిత ఇచ్చే చారిత్రక వివరణ ముందే చదవకండి, కథ తెలిసిపోతుంది. కథ ఫ్రాన్స్‌లో నడిచేదైతే ఒక చీటీ మీద మూడు తేదీలు రాసి పేజీల్లో పెట్టుకోండి. 1940 జూన్, ఫ్రాన్స్ లొంగిపోయింది. 1942 నవంబర్, అప్పటిదాకా వదిలేసిన దక్షిణ భాగాన్నీ జర్మన్లు ఆక్రమించారు. 1944 జూన్, మిత్రసేనలు నార్మండీలో దిగాయి. ప్రతి అధ్యాయం ఏ రెండింటి మధ్య ఉందో చూసుకుంటే చాలు, మిగతా తేదీలు వదిలేయొచ్చు.

ఇక నాయిక. 1943 ఫిబ్రవరి నుంచి ఫ్రెంచి కుర్రాళ్లను బలవంతంగా జర్మనీకి పనికి పంపారు. రోడ్డు మీద వయసులో ఉన్న మగవాడు కనిపిస్తే కాగితాలు అడిగేవారు. సైకిలు మీద సంతకు వెళ్లే ఆడమనిషి మీద అంత అనుమానం ఉండేది కాదు. బ్రిటన్ రహస్య సంస్థ ఎస్ఓఈ కబుర్లు మోసే పనికి ఆడవాళ్లను పెట్టుకోవడానికి ఇదే పెద్ద కారణం. ఈ లెక్క తెలిసిన రచయిత నాయిక చేతికి ఊరికే పిస్తోలు ఇవ్వడు, తనిఖీ దగ్గర ఏం మాట్లాడాలో ఇస్తాడు. ఇంకోటి, ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు పొగాకు రేషన్ లేదు. కేఫ్‌లో నాయిక సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తుంటే పక్క బల్లవాళ్లు తలతిప్పి చూడాలి. చూడలేదంటే పరిశోధన పైపైనే.

అసలు పరీక్ష వైర్‌లెస్ సీన్. సూట్‌కేసులో పట్టే ఆ సెట్టు దాదాపు 15 కిలోలు. ఏరియల్ తీగ మీటర్ల కొద్దీ బయటికి లాగాలి. సిగ్నల్ ఎటునుంచి వస్తోందో పసిగట్టే జర్మన్ వ్యాన్లు వీధుల్లో తిరిగేవి. కొన్నిసార్లు ఒక్కో పేటకు కరెంటు తీసేవారు. ఏ పేటలో తీసినప్పుడు సిగ్నల్ ఆగితే ఆపరేటర్ అక్కడున్నట్టే. అందుకే కొద్ది నిమిషాల్లో ముగించి చోటు మార్చాలి. ఒకే గదిలో గంటసేపు మీట నొక్కే నాయిక ధైర్యవంతురాలు కాదు, రచయితకు ఆ పని తెలియదంతే. సందేశం తమదేనని లండన్‌కు తెలిసేలా ఆపరేటర్ కావాలని పెట్టే తప్పు కూడా గమనించండి. పట్టుబడిన ఆపరేటర్ ఆ తప్పు పెట్టకుండా పంపితే లండన్ వాళ్లకు అనుమానం రావాలి. హాలండ్ విషయంలో లండన్ వాళ్లు ఆ హెచ్చరికను పట్టించుకోక డజన్లకొద్దీ ఏజెంట్లను జర్మన్ల చేతికి పంపేశారు. నవలలో ఇలాంటిది చదివి అతిశయోక్తి అనుకోకండి.

ఏజెంట్లను రహస్యంగా దింపే చిన్న బ్రిటిష్ విమానం లైసాండర్ దిగే సీన్ వస్తే చంద్రుణ్ని వెతకండి. పొలంలో మూడు టార్చిలైట్ల గుర్తు చూసి దింపాలి కాబట్టి పైలట్లు పున్నమికి అటూ ఇటూ రోజుల్లోనే వచ్చేవారు.

నవల పక్కన ఒక నిజ జీవిత చరిత్ర పెట్టుకుంటే బాగుంటుంది. నేనైతే నూర్ ఇనాయత్ ఖాన్‌ది చదవమంటాను. టిప్పు సుల్తాన్ వంశస్థురాలు, ఆక్రమిత ఫ్రాన్స్‌కు ఎస్ఓఈ పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్. 1943 జూన్‌లో వెళ్లింది, 1944 సెప్టెంబర్‌లో జర్మనీలోని డకావ్ నిర్బంధ శిబిరంలో చంపేశారు, 1949లో బ్రిటన్ సాహస పురస్కారం జార్జ్ క్రాస్ ఇచ్చారు. చెన్నైలో ఇలాంటి పుస్తకాల కోసం ఎగ్మూర్‌లో కన్నెమెరా గ్రంథాలయం, కోట్టూరుపురంలో అన్నా శతాబ్ది గ్రంథాలయం ఉన్నాయి. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీ ఏదైనా 940.54 దగ్గర ఈ యుద్ధం పుస్తకాలుంటాయి.

యుద్ధం మరీ దూరంగా అనిపిస్తే మద్రాసు హైకోర్టు ప్రహరీకి ఉన్న ఎమ్డెన్ ఫలకం చూసి రండి. అది మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుళ్లు కురిపించింది. ఇక రెండో యుద్ధంలో, 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద బాంబులు పడ్డాయి, జపాన్ వాళ్లు వస్తారన్న భయంతో మద్రాసు జూలో పులులనూ సింహాలనూ కాల్చేశారు. (దీని మీద తెలుగులో మంచి థ్రిల్లర్ రాయొచ్చు, ఎవరైనా పూనుకుంటే.)

ఇవన్నీ చేసినా అరవై పేజీలయ్యేసరికి పాత్రలు ఒకరికొకరు చరిత్ర పాఠం చెప్పుకుంటూనే ఉంటే పుస్తకం మూసేయండి, తప్పు మీది కాదు.